కందిరీగ సూది

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ముగ్గురం ఒక కందిరీగ మీద ఆశపెట్టుకుని బతికాం. నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే వస్తుంది. ఎవరిమీద పడాలో తెలియని కోపం కాబట్టి అది నన్నే అంటిపెట్టుకుని ఉంది.

వానలు మొదలైన వారంలోనే మెదడు డాక్టరుగారి గదిలో కూర్చున్నాం. ఆయన వెలుతురు పలక మీద మా ఆయన తల ఫొటో తగిలించి, పెన్ను మూతతో చూపించారు.

"గడ్డ ఇక్కడుంది. బాగా లోపల, అడుగున. అది ఏ రకమో తెలిస్తేగాని మందు మొదలుపెట్టలేం. తెలియాలంటే సూది దింపి చిన్న ముక్క బయటికి తియ్యాలి."

"తియ్యండి మరి," అన్నారు మా ఆయన, గంపలోంచి ఒక టమాటా తీసి చూడమన్నంత తేలిగ్గా.

"సూది తిన్నగా వెళ్తుందండీ, వంగదు. ఎటునుంచి దింపినా దారిలో ఏదో ఒకటి అడ్డొస్తుంది. ఒకపక్క చూపు. ఒకపక్క కాలూ చెయ్యీ. ఉన్నవాటిలో ప్రాణానికి భయం లేని దారి ఇదొక్కటే. ఈ దారిలో మాట ఉంది."

"మాట ఉంటే?"

"పోవచ్చు. పోకపోనూవచ్చు. కానీ పోతుందనుకునే సిద్ధపడండి."

మా ఆయన కూరగాయల మార్కెట్టులో వేలం పాడేవారు. తెల్లవారకముందే లారీలు దిగుతాయి, ఆయన బోర్లించిన పెట్టె ఎక్కి గొంతు సవరించుకుంటారు, అంతే, ఎండ ఎక్కేలోపు సరుకంతా ఖాళీ. పుచ్చు వంకాయని కూడా పెళ్లికూతురిలా వర్ణించి అంటగట్టగల నోరు. అక్కడ ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరికీ పాటాయనే. ఆయనకున్న ఆస్తీ, చదువూ అన్నీ ఆ నోరే.

"డాక్టరుగారూ, ప్రాణం మీరు తీసుకోండి, మాట నాకు వదిలెయ్యండి," అని నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఎక్కడ పరాచికాలాడాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో ఆయనకి ఎన్నడూ తెలియలేదు.

బయటికొచ్చి ఆసుపత్రి వసారాలో వాన తెరిపి ఇచ్చేదాకా నిలబడ్డాం. అప్పుడు అడిగారు, ఏం కూర వండుతున్నావని అడిగినట్టు: "మీ పురుగు సూది ఎంతదాకా వచ్చింది?"

నేను పనిచేసేది ఆపరేషన్ సూదులు తయారుచేసే ల్యాబులో. ల్యాబంటే ఏదో పెద్ద చదువనుకునేరు. నాది వంటపని. జెలటిన్ పొడిని వేడినీళ్లలో కరిగించి, నురగ తీసి, వడగట్టి, గాజుపెట్టెల్లో పోసి ఫ్రిజ్‌లో పెడతాను. మర్నాటికి గట్టిపడి దిమ్మెలవుతాయి. మెదడు ఎంత మెత్తనో అంత మెత్తన. పైగా అద్దంలా ఉంటాయి కాబట్టి లోపల సూది ఎటు పోతోందో కెమెరాకి కనబడుతుంది. అందుకే మా ఆయన నన్ను పాకం అని పిలిచేవారు. పెళ్లయిన కొత్తలో ముద్దుగానూ, తర్వాత వెటకారంగానూ, ఆ వానాకాలం మళ్లీ ముద్దుగానూ.

మా ల్యాబు పెద్దాయన్ని అందరం సూది మాస్టారు అంటాం. నేను చేరిన కొత్తలో భూతద్దం కింద ఒక చచ్చిన కందిరీగని చూపించారు. దాని పొట్ట చివర వెంట్రుకంత సన్నంగా, ఒంటికన్నా పొడుగ్గా ఒక సూది ఉంది.

"ఇది చెట్టు మానులోకి ఆ సూది దింపి లోపల గుడ్డు పెడుతుందమ్మా. రెండు వేళ్లమధ్య నలిపితే నలిగిపోయే పురుగు. మానుని పొడిచే బలం ఎక్కడిదంటావ్?"

"ఏమోనండీ, కడుపు తీపేమో," అన్నాను.

ఆయనకి నవ్వాగలేదు. తర్వాత విడమర్చి చెప్పారు. అది ఒక సూది కాదు, పక్కపక్కన అంటుకుని జారే మూడు పుల్లలు. వాటికి వెనక్కి తిరిగిన సన్నటి పళ్లు. రెండు పుల్లలు పళ్లతో గట్టిగా పట్టుకుని ఉంటే మూడోది కాస్త ముందుకి జరుగుతుంది. తర్వాత అది పట్టుకుంటే ఇంకోటి జరుగుతుంది. తాడు పట్టుకుని బావిలోకి దిగేవాడు రెండు చేతులూ ఒకేసారి వదలడు కదా, అలా. వెనకనుంచి ఎవరూ నెట్టక్కర్లేదు. నెట్టేపని లేదు కాబట్టి ఎంత సన్నగానైనా చెయ్యొచ్చు, ఎటు తిరగమంటే అటు తిరుగుతుంది. అలాంటిది మనిషి కోసం తయారైతే మెదడులో అడ్డొచ్చినవాటిని తప్పించుకుంటూ వెళ్లొచ్చు.

ఇవన్నీ నేను అన్నం తింటూ మా ఆయనకి చెప్పిన కబుర్లే. జబ్బు ఊసే లేని రోజుల్లో చెప్పినవి. ఆయన వాటిలో ఒక్కటీ మర్చిపోలేదు.

ఇంటికొచ్చాక పెద్ద గొడవ. "మాట పోతే పోయింది, ఇద్దరి తరఫునా నేనే మాట్లాడతాను. మీరు ఉంటే చాలు నాకు," అన్నాను.

"ఇన్నాళ్లూ జరుగుతోంది అదేగా," అన్నారు. తర్వాత నవ్వాపి అన్నారు: "పాకం, మార్కెట్టులో నేను మూగవాణ్నై కూర్చుని ఎవడో పాడుతుంటే చూడాలా? నా వల్ల కాదు. మీ మాస్టారిని అడుగు."

అత్తయ్య కొడుకు పక్షమే. "వీడికి చాలా ఆలస్యంగా మాటలొచ్చాయి అమ్మాయ్. మూగాడు పుట్టాడని అందరూ నా మొహం మీదే అన్నారు. వచ్చిన మాటని చేజేతులా నేను పోనివ్వను. ఆ పురుగు సూదేదో వచ్చేదాకా ఆగుదాం." అత్తయ్య ఒక మాటంటే రాతి మీద గీతే. ఇద్దరూ ఒకటైతే నేనెంత?

మాస్టారిని అడిగాను. ఆయన అబద్ధం చెప్పారని నేను ఎప్పటికీ అనను. నమ్మిందే చెప్పారు. "వానలు తగ్గుముఖం పట్టేలోపు మనిషిదాకా రావచ్చమ్మా. ఆసుపత్రివాళ్లూ సుముఖంగానే ఉన్నారు. మొదటి మనిషిగా మీవారి పేరు నేనే చెప్తాను." డాక్టరుగారికి ఆ సంగతి చెబితే ఆయన ఫొటో కవరులో పెట్టేస్తూ, "ఆగితే గడ్డ ఆగదు. ఇక మీ ఇష్టం," అన్నారు.

ఆ రోజునుంచి నా వంట మారిపోయింది. దిమ్మె గట్టిపడుతుండగా మధ్యలో ఒక పసుప్పచ్చ పూస పెట్టేదాన్ని, అడుగున ఒక ఎర్రపూస. పసుప్పచ్చది మాట, ఎర్రది గడ్డ. మాస్టారు పెట్టమన్నవే అవి, పేర్లు మాత్రం నేను పెట్టుకున్నవి. ఫ్రిజ్‌లోంచి దిమ్మె తీసి, చెమ్మ తుడిచి, కెమెరా ముందు పెట్టేదాన్ని. మొదట్లో సూది పసుప్పచ్చ పూసని గీరుకుంటూ పోయేది. నా గుండెలో గీరినట్టుండేది. మాస్టారు పుల్లల పళ్లు మళ్లీ కోసేవారు, వాలు మార్చేవారు, మళ్లీ దింపేవారు. ఒకరోజు సూది పసుప్పచ్చ పూస దాకా వచ్చి, గుమ్మంలో పడుకున్న పిల్లిని దాటినట్టు నెమ్మదిగా పక్కకి తిరిగి, కిందకి దిగి, ఎర్రపూసని ముట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గిన్నెల గదిలోకి పోయి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. ఆ సీజన్ మొత్తానికి నాకు దొరికిన సంతోషం అదొక్కటే.

ఇంట్లో ఆ సంగతి చెప్పగానే మా ఆయన లేచి నిలబడి వేలం మొదలుపెట్టారు. "రండి బాబూ రండి, పురుగు సూది, పుట్టెడు తెలివి, నెట్టక్కర్లేదు తొయ్యక్కర్లేదు, దారి చూపిస్తే దానంతటదే!" అత్తయ్య నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. ఎక్కడో చిన్న తడబాటు వినబడింది. పట్టించుకోలేదు.

కొన్నాళ్లకి ఆయన కుడికాలు తూలడం మొదలైంది. ఆయన్ని ఒక్కర్నీ పంపడం ఇష్టంలేక తెల్లవారుజామున నేనూ మార్కెట్టుకి వెళ్లేదాన్ని. రేకుల మీద వాన దంచుతోంది. కింద తడిసిన గోతాలు, తొక్కిన క్యాబేజీ ఆకులు. ఆయన పెట్టె ఎక్కి బెండకాయ గుట్ట వైపు చెయ్యి చాపారు.

"గొడుగు! లేత గొడుగు! విరిస్తే ఫట్టుమనే గొడుగు! ఎవరిదీ పాట?"

గుంపంతా గొల్లుమంది. "పాటాయనా, వానకి సరిగ్గా సరిపోయిందయ్యా!" అని ఒకాయన అరిచాడు. ఇంకొకాయన వేలెత్తి, "నాకో గంప గొడుగులు!" అన్నాడు. మా ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకి తెలియలేదని నాకొక్కదానికే తెలిసింది. మొగుడి నవ్వులో తేడా పెళ్లానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇంటికొస్తూ అడిగారు: "ఏమన్నాను నేను?"

"బెండకాయని గొడుగన్నారు."

కాసేపు నడిచారు. "పాట బాగానే పలికిందిగా," అన్నారు.

ఆ తర్వాత రోజుకొక మాట పోయింది. తలుపు, చొక్కా, అద్దం. ఒకరోజు అత్తయ్యని చూసి, ఏమని పిలవాలో తోచక, చెయ్యి ఊపారు. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయి చాలాసేపటిదాకా బయటికి రాలేదు. ఏ మాటకోసమైతే ఆగామో ఆ మాటని గడ్డే తినేస్తోంది. అప్పుడైనా డాక్టరుగారి మామూలు సూదే పెట్టిద్దామన్నాను. ఇద్దరూ ఒప్పుకోలేదు. "ఇంకెంత, ఏనుగు పోయి తోక చిక్కినట్టు, అయిపోవచ్చింది కదా," అంది అత్తయ్య. అదీ నిజమే. మాస్టారి దగ్గర మిగిలింది ఒక్క పరీక్షే.

ఆ పరీక్ష దిమ్మెలో కాదు. మనిషిదాకా వెళ్లేముందు నిజమైన మెదడులో చూపించాలి. కబేళానుంచి గొర్రెల మెదళ్లు తెప్పించారు. మాస్టారు తొట్టిలో ఉప్పునీళ్లు ఒంటి వేడికి వెచ్చబెట్టమన్నారు. పెట్టాను. మెదడు అందులో ఉంచి, అది వెచ్చబడ్డాక సూది ఆనించి మోటారు వేశారు.

పుల్లలు కదులుతున్నాయి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, అన్నీ చక్కగా. సూది మాత్రం ఉన్నచోటే ఉంది. ఒడ్డుకి కట్టేసిన పడవలో కూర్చుని తెడ్డు వేసినట్టుంది. మాస్టారు సూది మార్చారు. మెదడు మార్చారు. కదల్లేదు.

"ఫ్రిజ్‌లో ఉన్నది ఒకటి ఇలా తే అమ్మా," అన్నారు.

తెచ్చాను. చల్లటిదాంట్లో సూది దిగింది. వయ్యారంగా ఒంపు తిరిగి మరీ దిగింది.

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మనం వెచ్చగా ఉన్నదాంట్లో ఎప్పుడైనా చూశామా?"

"వెచ్చబడితే దిమ్మె కరిగి నీళ్లయిపోతుంది కదండీ."

"అవును కదా," అన్నారు.

అంతే జరిగింది. నేను తొట్టి ఖాళీచేసి కడిగాను.

ఏళ్లతరబడి ఆ పళ్లని చల్లటి దిమ్మె పట్టుకి సరిపోయేలా కోశారు. వెచ్చటి మెదడు తడి, జారుడు. అందులో ఆ పళ్లకి పట్టు దొరకదు. పట్టు లేకపోతే కందిరీగ సూది ఉత్త ఇనప పుల్ల. బతికున్న ఒళ్లు వెచ్చగా ఉంటుందని పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఆ గదిలో అందరికీ తెలుసు. కానీ రోజూ ఫ్రిజ్‌లోంచి తీసి, చెమ్మ తుడిచి, పరీక్ష పెట్టీ పెట్టీ, ఆ చల్లదనం మాకు గది గోడల్లా అయిపోయింది. దాన్ని ఎవరు చూస్తారు?

వెళ్లేముందు అడిగాను. "ఎన్నాళ్లు పడుతుందండీ?"

"పళ్లు మొదటినుంచీ కొయ్యాలి. వేడికి కరగని దిమ్మె ఇంకోటి వెతకాలి. వచ్చే వానాకాలానికి కచ్చితంగా..." అని, అడుగుతున్నది ఎవరో గుర్తొచ్చి, ఆగిపోయారు.

ఇంటికెళ్లేసరికి తల్లీకొడుకులు బఠానీలు ఒలుస్తున్నారు. ఆయన నా మొహం చూశారు. సరుకు చూసి ధర చెప్పేసే కళ్లు కదా, ఇంకేం దాస్తాను?

"పనిచెయ్యలేదు. వెచ్చగా ఉంటే జారిపోతోంది," అన్నాను.

"నా తల... వేడిదని... అమ్మ ఎప్పుడూ..." అని నవ్వబోయారు.

నాకు ఒళ్లు మండింది. "ఇంకా పరాచికాలేనా? ఆ రోజే నా మాట విని ఉంటే ఈపాటికి మందు పడేది. ఇద్దరూ కలిసి నన్ను గడ్డిపోచలా తీసిపారేశారు!" అని అరిచాను. అత్తయ్య ఒలిచిన గింజల్ని పొట్టులో వేసేస్తోంది.

"అవును," అన్నారాయన. వాదించి ఉంటే బాగుండేది. ఆయన ఒప్పుకోవడం నేను భరించలేకపోయాను.

కాసేపయ్యాక ఒక్కొక్క మాటా వెతికి పట్టుకుంటూ అన్నారు: "మామూలు సూదే... పెట్టించు. తర్వాత... నేను పోయాక... ఈ బుర్ర... మీ మాస్టారికి. పాట లేకుండా. ఉత్తినే."

"ఛ, నోరు మూసుకోండి," అన్నాను. అదే మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాట అవుతుందని తెలిస్తే ఇంకేదైనా అనేదాన్ని.

మర్నాడే మామూలు సూది తిన్నగా వెళ్లి తిన్నగా వచ్చింది. డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టే జరిగింది. మా ఆయన కళ్లు తెరిచి నన్ను చూసి నోరు కదిపితే, వచ్చింది మాట కాదు. ఏదో మూలుగు. అది విని ఆయనే ఉలిక్కిపడ్డారు. తర్వాత ఇంక నోరు తెరవలేదు.

ముక్క పరీక్షకి వెళ్లి వచ్చాక డాక్టరుగారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు. "మందుకి లొంగే రకమేనమ్మా ఇది. మీరు మొదటిసారి వచ్చినప్పుడైతే నేను ధైర్యంగా ఉండేవాణ్ని. ఇప్పుడు గడ్డ ఉన్న సైజుకి మందు ఇచ్చినా... ఇద్దాం. ఆశ మాత్రం పెట్టుకోకండి." మా ఆయన డాక్టరుగారినే చూస్తూ విన్నారు. మాట పోయింది గాని వినడం పోలేదు. అన్నీ అర్థమయ్యాయి.

ఇంటి గుమ్మంలోనే అత్తయ్య ఎదురొచ్చింది. "ఏ రకమంట అమ్మాయ్?"

ఆగుదామన్న మనిషి ఆవిడే కదా. నాకు ఆ క్షణంలో ఆవిడ మీద ఎంత కోపముందో అంతా చెప్పొచ్చు, ఒక్క వాక్యంలో తీరిపోతుంది. మా ఆయన నా భుజం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మందు లేని రకమంట అత్తయ్యా. ముందే సూది పెట్టించినా ఇంతేనట. ఏమీ మారేది కాదట," అన్నాను.

అత్తయ్య గోడకి చేరగిలబడి, "అయితే మన చేతిలో లేదన్నమాట," అంది. ఊపిరి తీసుకుంది. నా భుజం మీద ఆయన చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది. మందు ఇచ్చారు. పనిచెయ్యలేదు. వానలు తగ్గుముఖం పడుతుండగా ఒక మధ్యాహ్నం, నేను ఆయన గడ్డం గీస్తుండగా, ఆయన పోయారు. ఆయన అడిగినట్టే బుర్ర తీసుకోమని ల్యాబుకి కబురుపెట్టాను.

నేను తిరిగి పనిలోకి వెళ్లకముందే మాస్టారు ఇంటికొచ్చారు. కుర్చీ అంచున కూర్చున్నారు. అత్తయ్య మంచినీళ్లిచ్చి అక్కడే నిలబడింది.

"మీవారి దాంట్లో చూశామమ్మా," అన్నారు. "దిగింది. ఒంపు తిరిగి, మాట ఉండేచోట ఎక్కడా తాకకుండా, సరిగ్గా గడ్డ దగ్గరికే వెళ్లింది. నేనింతవరకు అంత చక్కటి దారి చూడలేదు." ఆయన కళ్లు మెరుస్తున్నాయి. తను ఏం మాట్లాడుతున్నారో తెలిసొచ్చి తల దించుకున్నారు.

"చల్లగా ఉన్నప్పుడా?" అని అడిగాను.

"చల్లగానే ఉంటుంది కదమ్మా," అన్నారు గ్లాసులోకి చూస్తూ.

అత్తయ్య ఒక అడుగు ముందుకొచ్చింది. "అయితే ఆ సూది పనిచేసిందా నాయనా? మావాడికి పనిచేసిందా?"

మాస్టారు నా వైపు చూశారు. నేను ఏమీ సైగ చెయ్యలేదు. "పనిచేసిందండీ," అన్నారు.

అత్తయ్య నా వైపు తిరిగింది. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు, ఉత్త బాధే.

"చూశావా అమ్మాయ్, వాడు చెబుతూనే ఉన్నాడు. ఇంకొంచెం ఆగి ఉంటే పోయేదేముంది? ఆ పాడు సూది పెట్టించి ఉత్తపుణ్యానికి వాడి మాట తీయించావు. పోయేముందు నన్ను అమ్మా అనైనా అనేవాడు."

నేను మాస్టారి చేతిలోంచి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాను.